నూట ఇరవై ఏడో పన్ను

ఫిట్టరు మెట్లెక్కి వెళ్తున్నాడంటే లిఫ్టు పాడైందని కాదు. శుభ్రంగా నడుస్తోంది. బాగుచేసింది తనే, అదే అతని భయం.

ఆ పాత లిఫ్టు తాడును తిప్పే పెద్ద చక్రం అరిగిపోతే, కొత్తది కోసే పని అతనికే వచ్చింది. పాతదానికి నూట ఇరవై ఏడు పళ్లు. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యకీ లొంగని మొండిఘటం అది. అంత పెద్ద ప్రధాన సంఖ్యకి సమానంగా గుర్తులు పెట్టే సరంజామా అతని మిషన్‌కి లేదు, బయటి నుంచి తెప్పించాలి. పై అంతస్తులో ఉండే అత్తగారికేమో మోకాళ్ల నొప్పులు.

"ఒక పన్ను తగ్గితే కొంపలేం మునగవులే బాబూ," అందావిడ. "నాకు నాలుగు ఊడాయి, తిండి మానేశానా?"

నవ్వేసి నూట ఇరవై ఆరు కోశాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

చక్రాన్ని తిప్పే చిన్న గేరుకి ఇరవై ఒక్క పళ్లు. అందులో ఒకదానికి చిన్న బొడిపె ఉంది. నూట ఇరవై ఏడైతే ఆ బొడిపె చుట్టు చుట్టుకీ ఒక పన్ను పక్కకి జరిగి, దెబ్బను అన్నిటికీ పంచేది. నూట ఇరవై ఆరు ఇరవై ఒకటికి లొంగిపోయింది. ఇప్పుడు ప్రతి చుట్టులోనూ అవే ఆరు పళ్లకి దెబ్బ. కొన్నాళ్లుగా గోడలోంచి టక్, టక్ అని వినబడుతుంటే అతనికి అన్నం సయించడం లేదు.

ఇవాళ ధైర్యం చేసి మిషన్ గది తలుపు తీశాడు. చక్రం తిరుగుతోంది. టార్చి వెలుగులో ఒక పన్ను మొదలు దగ్గర వెంట్రుకంత చీలిక కనబడింది. తర్వాతి దెబ్బ పడే పన్నుకీ ఉంది. చేయి దానంతటదే వెళ్లి స్విచ్చి కట్టేసింది.

"ఎవరయ్యా ఆపింది?" తాడు దిగే కంతలోంచి అత్తగారి గొంతు.

ఆవిడ లిఫ్టులో ఉంది. వంగి చూశాడు. లిఫ్టు బరువంతా మోస్తున్నది చీలిన పన్నే. ఎవరినైనా పిలుద్దామంటే, వాళ్లొచ్చేదాకా అది ఆగుతుందన్న నమ్మకం లేదు. చేత్తో తిప్పి కింది అంతస్తుకి దించాలి. అందుకు సగం చుట్టు కావాలి. దెబ్బలు తిన్న పళ్లు మరో మూడు దాటాలి.

"అత్తయ్యా, కదలకుండా కూర్చోండి."

"నువ్వా బాబూ? తిప్పేది నువ్వేనా?"

"నేనే."

"అయితే నాకేం భయం లేదు," అందావిడ. కింద కూర్చుంటున్న చప్పుడు వినబడింది.

అతను చెమట చేతులు చొక్కాకి తుడుచుకుని పిడి పట్టుకున్నాడు. మెల్లగా తిప్పాడు. మొదటిది దాటింది. రెండోది దగ్గరికొస్తోంది.