తొమ్మిది గంటల మాట

లెక్కలొచ్చిన మొగుడు దొరికితే కాపురం సుఖమని ఎవరన్నారో గానీ, వాళ్లని నాకోసారి చూపించండి. మా ఆయన రామమోహన్ దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కనున్న ఉమ్‌కోమాస్‌లో కాగితపు గుజ్జు మిల్లులో ఇంజినీరు. తొంభై ఏడు మే నెలాఖరు. పొద్దున్నే హైదరాబాదు నుంచి బావగారు ఫోను చేసి మా సరస్వతక్క పోయిందన్నారు. నేను నేలమీద పడి ఏడుస్తుంటే ఈ మహానుభావుడు ఫోను చెవికి ఆనించుకునే అట్లాసు మీద స్కేలు పెట్టాడు.

“ఏడువేల మూడొందల కిలోమీటర్లు. తొమ్మిది గంటల ప్రయాణం అన్నయ్యగారూ! ఎంత లేటైనా రేపు తెల్లారేసరికి అక్కడుంటాం. వదినగారిని అలాగే ఉంచండి.”

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆఖరిసారి ఆ ముఖం చూడకపోతే ఎలా బతకను? ఆ లెక్క నిజమని నమ్మేశాను.

ఆయన సెలవు కోసం మిల్లుకి వెళ్లాక పక్కింటి లొరెయిన్ వచ్చింది. ముత్తాతల నాడు చెరుకుతోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్లు; ఇప్పుడు చర్చికి వెళ్తారు. విమానం టిక్కెట్ల ఆఫీసులో పని ఆమెది. తొమ్మిది గంటలనగానే నెత్తి కొట్టుకుంది.

“నో మ్యాన్ అక్కా! స్ట్రెయిట్ ప్లేన్ లేదు. జోబర్గ్ పో, బాంబే పో, దెన్ హైదరాబాద్. అన్నిచోట్లా వెయిటింగ్. రేపు ఈవినింగ్ అయిపోతది. ఫోన్ చెయ్యి, డోంట్ వెయిట్ చెప్పు.”

ఆమె టిక్కెట్ల పని మీద వెళ్లింది. ఫోను పక్కనే ఉంది. చెయ్యలేదు. చేస్తే దహనం కానిచ్చేస్తారు. ఒక్కపూట ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఇక్కడ చలి మొదలై స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను మరి! అక్కడ రోళ్లు పగిలే రోహిణి ఎండలని బుర్రకి తట్టనే లేదు.

డర్బన్ విమానాశ్రయంలో టిక్కెట్టు చూసి మా ఆయన ముఖం పాలిపోయింది. “అయ్యో, వాళ్లకి చెప్పాలే!”

“చెప్పేశాను,” అన్నాను.

మర్నాడు సాయంత్రం ఆరు దాటాక అక్కవాళ్లింటి ముందు దిగాం. వాకిలి కడిగేసి ఉంది. అక్క కూతురు హాసిని నన్ను పట్టుకుని భోరుమంది.

“మధ్యాహ్నం దాకా ఉంచాం పిన్నీ. ఎన్ని ఐసు దిమ్మలు తెచ్చినా ఆగలేదు. వీధివాళ్లు తలుపులు వేసేసుకున్నారు. ఆఖరి స్నానానికి ఒక్కరూ దగ్గరికి రాలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని నేనే పోశాను, మా అమ్మకి!”

అంత శుభ్రమైన మనిషికి ఎలాంటి గతి పట్టించాను!

బావగారు కుర్చీలోంచి లేవలేదు. “ఆలస్యమవుతుందని ముందే తెలియలేదా అమ్మా?” అని నన్నే అడిగారు.

మా ఆయన నావైపు చూశాడు. అంతా అర్థమైపోయింది ఆయనకి. బావగారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“తప్పు నాదే అన్నయ్యగారూ. ఫోను చెయ్యడం మరిచిపోయాను.”

అందరూ ఆయన్ని అసహ్యంగా చూశారు. నేను చెంగుతో కళ్లు ఒత్తుకుని, “అవును బావగారూ, అంతా ఈయన వల్లే,” అన్నాను.