అందరిదీ ఒకే గొంతు

కోర్టులో నా పని నోరు అద్దెకివ్వడం. కేసు విని తీర్పు చెప్పమని ఊళ్లోంచి పిలిచే మామూలు జనాన్ని జ్యూరర్లంటారు. వాళ్లలో ఇంగ్లీషు రానివాళ్లు వస్తే, అక్కడ మాట్లాడే ప్రతి ముక్కా స్పానిష్‌లో వాళ్ల చెవిలో వేస్తాను. వాళ్లు అన్నది ఇంగ్లీషులో మిగతావాళ్లకి చెబుతాను. నా సొంత మాట ఒక్కటి కలిపినా ఉద్యోగం ఊడుతుంది. నా నోటికి దేవుడు వేసిన శిక్ష ఇదే అంటాడు మా ఆయన.

ఆ ఏప్రిల్లో వచ్చిన జ్యూరర్ పేరు హెనోవేవా. డెబ్బై రెండేళ్లు, గొర్రెల పెంపకం. అంతకుముందు మూడుసార్లు జ్యూరీ నోటీసు వస్తే, మనవరాలు యొలాండా ‘ఇంగ్లీషు రాదు, మినహాయించండి’ అన్న గడిలో టిక్కు పెట్టి తిప్పి పంపేసింది. ప్రేమతోనే లెండి. నాలుగో నోటీసు మాత్రం ముసలామె చేతిలోనే పడింది.

“పెద్దావిడ, ఇబ్బంది పడతారు. ఇంటికి పంపేద్దాం” అన్నాడు ముద్దాయి తరఫు లాయరు.

ఆ మాట ఆమె చెవిలో వేశాను. ఆమె లాయరు వంక చూడనైనా చూడలేదు. జడ్జితోనే అంది: “అయ్యా, ఆయన ఇబ్బందేదో ఆయన్ని చెప్పుకోమనండి. నాకేం లేదు.”

జడ్జి నవ్వాపుకున్నాడు. “లాయరు గారూ, ఇంగ్లీషు రాదని కుర్చీ లాక్కోవడం మన న్యూ మెక్సికోలో కుదరదు. రాజ్యాంగంలోనే ఉంది. కూర్చోండమ్మా.”

కేసు చిన్నదే. ఓర్లాండో అనే స్కూలు బస్సు డ్రైవరు, పక్క పొలం ఫెర్మీన్ నీటి వంతు నాడు కాలువ తూము తాళం కోసేసి, నీళ్లు తన చేలోకి తిప్పుకున్నాడని ఫిర్యాదు. రుజువైతే బస్సు ఉద్యోగం పోతుంది. ఓర్లాండో నోరు తెరిస్తే కొట్లాటకొచ్చినట్టే ఉంటుంది. తన లాయరు మీదే “కొయ్యలేదన్నానా? ఎన్నిసార్లు చెప్పాలి?” అని గయ్యిమన్నాడు. ఫెర్మీన్ పాత ట్రక్కులు అమ్మే మనిషి, మాటల్లో తేనె కారుతుంది. ఆ పొద్దున ఏడింటికి వరండాలో కాఫీ తాగుతూ, ఓర్లాండో తాళం కొయ్యడం కళ్లారా చూశానన్నాడు. ఇంకో గంటకి ఓర్లాండో లాయరు ఏదో అడుగుతుంటే, “మధ్యాహ్నం మా బావమరిది ఫోన్ చేసి, నీ తాళం పోయింది చూసుకోమంటేనే కదండీ నాకు తెలిసింది! వాడు ఫోన్ చేశాడంటే ట్రక్కు అడగడానికేనని ముందు ఎత్తలేదు కూడా” అన్నాడు. కోర్టంతా నవ్వింది. లాయరూ నవ్వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. నేను అదంతా ఎప్పట్లాగే వార్తలు చదివినట్టు మైకులో హెనోవేవా చెవికి చేరవేశాను.

జ్యూరీ గదిలో ఆరుగురు. వాళ్లతోపాటు నేను, నోరు విప్పనని ప్రమాణం చేసి.

“ఇందులో అనుకోవడానికేముంది? వాడి మొహమే చెబుతోంది” అన్నాడు పైపుల కొట్టు గ్లెన్. నేరస్థుడేనని ఐదు చేతులు లేచాయి. అప్పుడు గ్లెన్ నా వైపు తిరిగి, “ఏమంటుంది ఆవిడ?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ అనకూడదు. కుర్చీ లాక్కుని హెనోవేవా వెనక్కి జరిగి కూర్చున్నాను, ఎవరైనా నన్ను చూడబోయినా ముందు ఆమె మొహమే కనిపించేలా.

“నన్నడుగు నాయనా, ఎదురుగానే ఉన్నాగా” అంది ఆమె. “నాకో సందేహం. ఏడింటికి కళ్లారా చూసినవాడికి, తాళం పోయిందని మధ్యాహ్నం బావమరిది చెప్పాలా?”

 “అలా ఎప్పుడన్నాడు?” అన్నాడు గ్లెన్, ఈసారి ఆమెనే చూస్తూ.

నర్సు మార్లీన్ తన నోట్సు తిరగేసింది. రెండూ ఆమె చేత్తో రాసినవే. ఒక పేజీలో ఏడు గంటలు, కాఫీ, చూశాడు. నాలుగు పేజీల తర్వాత మధ్యాహ్నం, ఫోన్, అప్పుడే తెలిసింది. “నేనే రాసుకుని నేనే నవ్వాను” అంది మార్లీన్, మొహం ఎర్రబడుతుండగా. “మీకెలా తట్టింది పెద్దమ్మా?”

“మీకు ఆయన తియ్యటి గొంతు వినిపించింది, ఈయన గరుకు గొంతు వినిపించింది. నాకు అందరూ ఈ అమ్మాయి గొంతుతోనే మాట్లాడారమ్మా. గొంతు ఒక్కటే అయ్యేసరికి నాకిక మాటే మిగిలింది.”

ఆ మాటా ఇంగ్లీషులో చెప్పాను. బావమరిది ఫోన్ సంగతి కోర్టులో చెబుతున్నప్పుడే నాకూ తట్టింది. పొద్దుటినుంచీ దాన్ని దవడలో నొక్కిపట్టుకుని ఉన్నాను.

ఇంకో గంటన్నర వాదించుకున్నారు. చివరికి గ్లెన్‌తో సహా ఆరుగురూ ‘నేరం రుజువు కాలేదు’ అన్నారు. తీర్పు చదివాక ఓర్లాండో మొదటిసారి నోరు మూసుకుని, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఆమెను ఇంటికి పంపమన్న లాయరే అతని వీపు నిమురుతున్నాడు.

బయట యొలాండా బండి దగ్గర కాచుకుని ఉంది. “విసుగొచ్చిందా నానమ్మా? చెప్పానా, ఈసారి వచ్చే నోటీసు నాకివ్వు, టిక్కు పెట్టేస్తాను.”

హెనోవేవా బండెక్కబోతూ ఆగింది. “మూడుసార్లు పెట్టావు కదే. ఆ మూడుసార్లూ నా కుర్చీలో ఎవరు కూర్చున్నారో, వాళ్లకేం వినపడలేదో.”

యొలాండా నానమ్మ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా బండెక్కించింది. “అయితే ఈసారి నోటీసొస్తే ఆ రోజు సెలవు పెడతాలే, నేనే తీసుకొస్తాను” అంది.