గట్టిమేళం ఆగని లైవ్

కోరుకొండలో పెళ్లి వీడియోలకు సూర్యకళ స్టూడియో పెట్టింది పేరు. ఆ పేరు కాస్తా మాఘమాసంలో గంగపాలైంది. ఒక పెళ్లి లైవ్ చూపిస్తుండగా, సరిగ్గా తాళి కట్టే వేళకు అందరూ చూసే పెద్ద వీడియో సైటు ప్రసారం ఆపేసింది. సన్నాయి వాళ్లు వాయించిన పాత కీర్తన ఏదో కంపెనీ రికార్డని దానికి తోచిందట. తాతల నాటి కీర్తనకు యజమాని ఎవరో దానికే తెలియాలి.

సూర్యకళకు ఒళ్లు మండింది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్ దించుకుని, సర్వర్ అద్దెకు తీసుకుని, నానా కుస్తీ పట్టి సొంత వీడియో సైటు పెట్టుకుంది. నవ్వేవాళ్లు నవ్వారు.

ఇప్పుడు వైశాఖంలో చంద్రరావు గారి అమ్మాయి పెళ్లి. పెళ్లికూతురి నాయనమ్మ మాణిక్యాంబ తుంటి విరిగి రాజమండ్రి ఆసుపత్రిలో ఉంది. మనవరాలి మెడలో తాళి పడడం ఫోన్లోనైనా చూసి తీరాలని ఆవిడ పట్టు.

ముహూర్తం దగ్గర పడుతుండగా చంద్రరావు గారు సూర్యకళను పక్కకు పిలిచారు.

"నీ సైటుతో ఎందుకొచ్చిన గొడవమ్మా? అందరూ చూసేదాన్లోనే పెట్టెయ్యి. తాళి కట్టేటప్పుడు మేళం వాళ్లని కాసేపు ఊరుకోమంటాను."

"గట్టిమేళం లేకుండా తాళేంటండి? ఆ టైముకి ఎవరైనా తుమ్మితే వినపడదాండి?"

"మరి నీది ఆగిపోతే? మా అమ్మకి ఏం చెప్పుకోను?"

"ఆగితే ఇంక కెమెరా పట్టనండి."

అనేసింది గాని, సూర్యకళ వెళ్లి నెట్ కనెక్షన్ మరోసారి సరిచూసుకుంది.

పురోహితుడు చెయ్యెత్తాడు. డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఊపందుకున్నాయి. లాప్‌టాప్ తెర మీద బొమ్మ ఒక క్షణం బిగుసుకుంది. బొమ్మ కదిలింది. మూడు ముళ్లూ పడ్డాయి, సన్నాయి మోగుతూనే ఉంది.

ఇంతలో ఆసుపత్రి నుంచి చంద్రరావు గారి చెల్లెలు సత్యశ్రీ ఫోను. ఆయన స్పీకర్ పెట్టారు.

"అన్నయ్యా, ముడి పడగానే అమ్మ అక్షింతలన్నీ ఫోను మీదే వేసేసింది. మంచం నిండా బియ్యమేంటని నర్సుగారు కేకలేస్తున్నారు."

వెనక నుంచి మాణిక్యాంబ గొంతు వినిపించింది.

"సూర్యకళకి చెప్పవే. ఇంత బాగా వస్తోంది, ఇది ఎవరి సైటండీ అని వార్డులో అందరూ అడుగుతున్నారు. మాదేనండి, మా కోరుకొండదేనండి అని చెప్పాను."

సూర్యకళకు కళ్లు తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. తలంబ్రాలు మొదలయ్యాయి.