ఆమె నింపిన అక్షరాలు

ఎన్నికలొస్తే పెయింటర్‌కి తల గోక్కోవడానికి కూడా తీరిక ఉండదు. మామూలు రోజుల్లో కొట్ల బోర్డులు, లారీల వెనక అక్షరాలు, బడి గోడల మీద నీతివాక్యాలు రాసుకుని బతికే మనిషి. ఎన్నికలు వచ్చాయంటే మాత్రం ఊళ్ళో ప్రతి గోడా అతని కోసమే కట్టినట్టుంటుంది. ఏ పార్టీ అని చూడడు. పొద్దున ఒకాయన్ని గెలిపించమని రాసిన చేత్తోనే సాయంత్రం ఆయన్ని ఓడించమని రాస్తాడు. ఎవరైనా ఎకసెక్కమాడితే, "అక్షరాలు నావి, అర్థాలు వాళ్ళవి" అనేవాడు. ఆ మాట తనకే చాలా తెలివైనదిగా తోచి, చెప్పిన ప్రతిసారీ ముందు తనే నవ్వేవాడు.

పనిలో అతనికి తోడు భార్యే. అతను దారానికి సుద్దపొడి పట్టించి, గోడ మీద బిగలాగి కొట్టి గీతలు వేస్తాడు. సన్నకుంచెతో అక్షరాల అంచులు గీసుకుంటూ ముందుకు పోతాడు. వెనకే ఆమె వెడల్పు కుంచె పట్టుకుని, ఆ అంచుల మధ్య రంగు నింపుకుంటూ వస్తుంది. చెయ్యి వణకదు, రంగు గీత దాటదు. మిగతా పెయింటర్ల అక్షరాలు ఎండకి పెచ్చులూడినా ఇతనివి ఊడవంటే అదంతా ఆమె చేతి చలవే. ఆ సంగతి అతనికీ తెలుసు, పైకి ఒప్పుకోడంతే.

ఆ అక్షరాల్లో ఆమెకి ఒక్కటీ రాదు. ఊహ తెలిసీ తెలియని వయసులో సరిహద్దు అవతల నుంచి, పనుల కోసం వచ్చిన జనంతో పాటు, అన్న చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇక్కడి మాట ఇక్కడివాళ్ళకంటే గడగడా వచ్చేసింది గానీ రాత రాలేదు. పెళ్ళయిన కొత్తలో "నేను నేర్పిస్తాలే" అన్నాడు పెయింటర్. ఆ మాట అక్కడే ఉండిపోయింది. ఒకటి, తీరిక లేక. రెండోది, చదవడం రాని మనిషైతే అక్షరం ఆకారం చూసి నింపుకుంటూ పోతుంది. చదవడం వచ్చిన మనిషైతే ఆగుతుంది, అడుగుతుంది, పని సాగదు. ఈ రెండో కారణం అతను ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా గట్టిగా అనుకోలేదు.

ఆమె వైపు వాళ్ళని ఆ ఊరు ఒక్కో కాలంలో ఒక్కోలా పిలిచింది. మొదట్లో "పనివాళ్ళు" అన్నారు, అప్పట్లో పని చేసే చేతులు కావాలి కాబట్టి. తర్వాత "వచ్చినోళ్ళు" అన్నారు. రెండు మిల్లులు మూతపడి, ఇళ్ళలో మగవాళ్ళు ఖాళీగా కూర్చోవడం మొదలయ్యాక "బయటోళ్ళు" అన్నారు. ఈ ఎన్నికలకి కొత్తమాట పుట్టింది. "మిడతలు." ఎవరు పుట్టించారో గానీ టీకొట్లో, బస్సులో, మంగలిషాపులో అందరి నోళ్ళలోనూ అదే నానుతోంది. పక్కింటి కుట్టుమిషను పిన్ని పెయింటర్ భార్య ముందే ఆ మాట అనేసి, నాలిక్కరుచుకుని, "నిన్ను కాదులేవే, నువ్వు ఎప్పుడో మాలో కలిసిపోయావు" అంది. పిచ్చితల్లి, ఆమె దాన్ని మెచ్చుకోలు కింద తీసుకుని, ఆ పూట పిన్నికి చాయ్ పెట్టి మరీ ఇచ్చింది.

పుట్టింటి వైపు ఆమెకి మిగిలింది అన్న ఒక్కడే. ఊరి చివర పెద్ద గిడ్డంగిలో బస్తాలు మోస్తాడు. రోడ్డుకి ఇవతల గిడ్డంగి ప్రహరీ, అవతల రేకుల షెడ్లు. ఆ షెడ్లలోనే అతనూ, అటునుంచి వచ్చిన మిగతావాళ్ళూ ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెల్ని పెంచడంతోనే వయసు గడిచిపోయింది. బస్తాల మీది రాతలు కూడబలుక్కుంటూ ఇక్కడి అక్షరాలు తనంతట తనే నేర్చుకున్నాడు. ప్రతి ఆదివారం చెల్లెలింటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే బావని దెప్పడం అతని అలవాటు.

"ఏం బావా, మా చెల్లెల్ని నిచ్చెన ఎక్కించావు. నువ్వు మాత్రం నేల మీదే ఉన్నావే!"

"మీ చెల్లెలు పైనుండాల్సిన మనిషి బావా. మనకెందుకు ఆ ఎత్తులు?" అనేవాడు పెయింటర్.

ఆ ఇంట్లో వారమంతా వినిపించని నవ్వులు ఆ ఒక్క పూట వినిపించేవి. అన్న వెళ్ళాక కూడా ఆమె ముఖం చాలాసేపు వెలిగిపోతూ ఉండేది.

ఆ మధ్య ఒకరోజు పార్టీ ఆఫీసు సెక్రెటరీ వచ్చాడు. ఊరంతటి గోడలూ పెయింటర్‌కే ఇస్తానన్నాడు. రాయాల్సిన మాట చెప్పాడు. "మన కంచాల మీద మిడతల దండు! తరిమికొడదాం రండి!" మొదటి గోడ గిడ్డంగి ప్రహరీ అన్నాడు, షెడ్లకి సరిగ్గా ఎదురుగా.

పెయింటర్ కుంచె తుడుచుకున్నాడు. "అక్కడ వద్దేమోనండీ. మా బావమరిది ఉండేది అక్కడే" అన్నాడు.

"అయితే ఏమైంది? మిడతలు అన్నాం గానీ ఎవరి పేరైనా రాశామా? పేరు రాస్తే కేసవుతుంది, మిడతంటే కేసేముంది?" అని సెక్రెటరీ భుజం తట్టాడు. "అయినా మీ ఆవిడని ఎవరంటారయ్యా? మీవాళ్ళు వేరు, ఆ గుంపు వేరు."

నిజమే కదా అనుకున్నాడు పెయింటర్. మనిషి తనకి కావాలనుకున్నప్పుడు ఎంత చచ్చుమాటనైనా నిజమే కదా అనుకోగలడు. తను కాదంటే ఇంకొకడు రాస్తాడు. షెడ్లలో చదువొచ్చినవాళ్ళు ఎంతమందని? బావ ఆ వేళకి బస్తాల కింద ఉంటాడు, గోడ వైపు చూసే తీరికేది? ఇలా ఒక్కొక్కటే సర్దిచెప్పుకుని మర్నాడే పనికి బయల్దేరాడు.

గోడ దగ్గర నిచ్చెన వేస్తుంటే ఆమె అడిగింది. "ఏం రాస్తున్నామండీ ఇవాళ?"

"ఏముంటుంది, ఓటెయ్యమని" అన్నాడు అతను, దారం బిగలాగుతూ.

ఆమె ఆరోజు మహా హుషారుగా ఉంది. అన్న ఉండే చోట, అన్న రోజూ చూసే గోడ మరి. కొంగు నడుముకి దోపి నిచ్చెనెక్కింది. "ఈ అక్షరం పొట్ట ఎంత గుండ్రంగా ఉందో" అంటూ ఒకదాన్ని మురిపెంగా నింపింది. అది "మిడతల"లో మొదటి అక్షరం. రంగు పల్చగా పడిందని ఆ మాటంతటికీ రెండో పూత కూడా వేసింది. కింద నిలబడి చూస్తున్న పెయింటర్ రంగు డబ్బా అందించాడు. ఇంకాస్త ఓపిక పడితే అయిపోతుంది అనుకున్నాడు.

చివరి అక్షరాల్లో ఉండగా అన్న వచ్చాడు. చెల్లెలు గోడ దగ్గర పనిలో ఉందని ఎవరో చెబితే, మేస్త్రీని బతిమాలుకుని, చెరో గ్లాసు టీ పట్టుకుని వచ్చాడు. రోడ్డు దాటుతూనే తలెత్తి గోడ చూశాడు. పెదవులు మెల్లగా కదిలాయి. మళ్ళీ మొదటినుంచి కదిలాయి. రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు. లారీవాడు హారన్ కొడితే గానీ కదల్లేదు.

"అన్నయ్యా!" అంది ఆమె నిచ్చెన మీంచి. "ఎలా ఉంది?"

"ఇదంతా నువ్వే నింపావా చెల్లెమ్మా?"

"ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నేనే. ఆయనది ఉత్త గీతే" అని నవ్వింది.

అన్న పెయింటర్ వైపు చూశాడు. అప్పుడు ఒక్కమాట అనాల్సింది. దానికేం తెలీదు బావా, తప్పు నాది, అంటే సరిపోయేది. పెయింటర్ వంగి, శుభ్రంగానే ఉన్న కుంచెని మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

"బాగుంది చెల్లెమ్మా. ఎక్కడా గీత దాటలేదు" అన్నాడు అన్న. టీ గ్లాసులు రెండూ గోడ పక్కన జాగ్రత్తగా పెట్టి వెనక్కి తిరిగాడు.

"అదేంటి, ఉండవా?" అని ఆమె కేకేసింది. పని ఉందన్నట్టు చెయ్యి ఊపాడు గానీ తల తిప్పలేదు.

ఆ ఆదివారం అన్న రాలేదు. ఆమె గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరిగి తిరిగి అలిసిపోయింది. ఫోను మోగి మోగి ఆగింది. తర్వాతి ఆదివారమూ రాలేదు. "ఒంట్లో బాగోలేదేమో, ఒకసారి వెళ్ళొద్దామండీ" అంది. ఊళ్ళో సభలున్నాయి, గొడవగా ఉంది, వాటి వేడి తగ్గాక వెళ్దామన్నాడు పెయింటర్. అతని లెక్క అతనికుంది. బావ కోపం తన మీద. చెల్లెలికి చదువు రాదని అన్నకి తెలియకుండా ఉంటుందా? నాలుగు రోజులు పోతే చల్లబడతాడు, అప్పుడు కాళ్ళు పట్టుకునైనా సరిచేసుకోవచ్చు. ఆమెకి అసలు ఏమీ తెలియనక్కర్లేదు. అన్నిటికంటే అతను భయపడింది దానికే. తన చేతుల్నే చూసుకుని ఆమె అసహ్యపడే రోజు రాకూడదు.

సభల వేడి తగ్గలేదు. ఒక సాయంత్రం సభ నుంచి తిరిగొస్తున్న కుర్రాళ్ళు షెడ్ల మీద రాళ్ళేశారు. గోడ మీది మాటలనే అరుచుకుంటూ వేశారట. మర్నాడు కుట్టుమిషను పిన్ని చెప్పింది, షెడ్లలో జనం మూటాముల్లె సర్దుకుని దొరికిన లారీ ఎక్కి పోతున్నారని. చెప్పి, మళ్ళీ "నిన్నెవరూ ఏమనరులే" అంది. ఆమె ఆ మాట వినే స్థితిలో లేదు. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. వెనకే పెయింటర్ పరిగెత్తాడు.

షెడ్లలో ఎవరూ లేరు. పగిలిన రేకులు, ఒక చెప్పు, బోర్లాపడ్డ బక్కెట్టు. అన్న ఉండే గదిలో చాప కూడా లేదు. ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదని వచ్చింది. గిడ్డంగి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"మిడతలన్నీ లేచిపోయాయమ్మా" అన్నాడు మామూలుగా. అలా అనడం అతనికి అలవాటైపోయింది, పాపం, అందులో పగేమీ లేదు. తర్వాత ఆమెని గుర్తుపట్టి గొంతు తగ్గించాడు. "మీ అన్న కూడా వెళ్ళిపోయాడు తల్లీ. ఎటో నాకు చెప్పలేదు. నేనే అడిగాను, చెల్లెలికి చెప్పి వెళ్ళవా అని. చెల్లెలు చెప్పాల్సింది గోడ మీద చెప్పేసింది, ఇంక నేను చెప్పడానికి ఏముంది, అన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడమ్మా."

ఆమె రోడ్డు దాటి గోడ ముందు నిలబడింది. అక్షరాలు నిన్న రాసినట్టే మెరుస్తున్నాయి.

"చదవండి" అంది.

పెయింటర్ షెడ్ల వైపు తల తిప్పుకున్నాడు.

"ఏం నింపించారో చదవండి."

చదివాడు. ఊళ్ళో ఇన్ని గోడలు రాసినవాడు, ఆ ఒక్క గోడ చదవడానికి మాట మాటకీ ఆగాల్సి వచ్చింది. ఆమె కదలకుండా వింది. అరిచి, ఏడ్చి, నాలుగు తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. ఆమె గోడ దగ్గరికి నడిచి అక్షరాల మీద అరచెయ్యి ఆనించింది.

"వీటిల్లో మిడతలంటే ఏది?"

వేలితో చూపించాడు.

"దీనికి రెండో పూత కూడా వేశాను" అంది.

పెయింటర్ ఆమె పక్కకి వచ్చాడు. "తప్పంతా నాదే. కానీ నీకు చదువు రాదని మీ అన్నకి తెలుసు కదా. కోపం నా మీదే అయ్యుంటుంది. నీ మీద ఎందుకుంటుంది?"

"తెలీదు" అంది ఆమె.

"ఏంటి?"

"అన్నయ్యకి తెలీదు. వచ్చినప్పుడల్లా అడిగేవాడు, బావ నిన్ను బాగా చూసుకుంటున్నాడా అని. ఊరికే బాగా చూసుకుంటున్నాడంటే నమ్మేవాడు కాదు. అందుకే, నాకు రాయడం చదవడం నేర్పించారని చెప్పాను. ఎంత సంబరపడ్డాడనుకున్నారు! మా వాళ్ళలో ఏ ఆడపిల్లకీ రాని చదువు నీకొచ్చింది, నీ పెళ్ళి చేసి మంచిపని చేశాను, అన్నాడు. అప్పట్నుంచి అడగడం మానేశాడు." ఊపిరి తీసుకుంది. "మీరు ఎలాగూ నేర్పిస్తారు కదా, కాస్త ముందు చెబితే ఏంలే అనుకున్నాను."

అంటే ఇన్నాళ్ళూ చెల్లెలు తెలిసే చేసిందనుకున్నాడు బావ. చదివి, అర్థం చేసుకుని, నిచ్చెన మీద నవ్వుతూ "ఎలా ఉంది" అని అడిగిందనుకున్నాడు. అలా అనుకుంటూనే మూట కట్టుకున్నాడు, అలా అనుకుంటూనే లారీ ఎక్కాడు. తను వంగి కుంచె కడగకుండా ఒక్క మాట అని ఉంటే ఇదేదీ లేదు.

"రాస్తాను" అన్నాడు పెయింటర్. "నీకేం తెలీదని, చేసిందంతా నేనేనని రాస్తాను. ఇదే గోడ మీద, ఇంతకంటే పెద్ద అక్షరాలతో. ఎవరేమన్నా సరే."

ఆమె తలుపుల్లేని షెడ్ల వైపు చూసింది. తర్వాత రోడ్డు చూసింది. అది అటూ ఇటూ చాలా ఊళ్ళకి పోయే రోడ్డు.

"ఎటు పోయాడో తెలీదు కదండీ" అంది. "ఏ ఊరి గోడ మీద రాస్తారు?"