చెంబులో ‘మ’

కృపావరం ప్రొద్దుటూరులో కొనుక్కొచ్చిన మౌత్ ఆర్గాన్‌ను అతనికంటే ఎక్కువగా భార్య సారమ్మే వాయించేది. అది వింటే తప్ప వాళ్ళ చంటిపాప నిద్రపోదు. చిక్కల్లా ఒక్కటే. దాని కింది మెట్టు స్వరాల్లో ‘మ’ లేదు. పాట అక్కడికి రాగానే సారమ్మ దాటేసేది. పాప ఠక్కున కళ్ళు తెరిచేది.

“పాటకు పన్నూడినట్టుండాది,” అంది అత్త నరసమ్మ. “శుక్రవారానికి ఆ స్వరం పలికించినావా, సరే. లేదంటే ఈ ఊదుడుపెట్టె పులివెందుల అల్లునికి పంపిస్తా. ఆయప్ప అడిగి శానా దినాలాయ.”

పాపను నిద్రపుచ్చే దారి ఇంకోటి సారమ్మకు తెలియదు.

రెండో రంధ్రంలో గాలి పీలిస్తే ‘ప’ వస్తుంది. నాలుక వెనక్కి లాగి పీలిస్తే ఆ ‘ప’ వంగి ‘మ’ దాకా దిగుతుంది. ఎంత దిగాలో చెవి చెప్పాలి. అందుకని కృపావరం ఇత్తడి చెంబు చర్చికి పట్టుకుపోయి, హార్మోనియం ‘మ’తో కలిసేదాకా నీళ్ళు పోసి, చుక్క తొణక్కుండా ఇంటికి తెచ్చి మూత పెట్టాడు. సారమ్మ చెంచాతో చెంబు మీద కొట్టడం, నోటితో అనడం, ఆపైన పీల్చడం. నాలుగు రోజులు ఇదే పని.

“బర్రె ఈనుతాండాదా ఏంది?” అనేది నరసమ్మ.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు నరసమ్మ ఉపవాసం. దీపాలు పెట్టేదాకా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టదు. సాయంత్రం తను పాఠాలు చెప్పే బడి నుంచి రాగానే కృపావరం కళ్ళు మూసుకుని చెంబు కొట్టాడు. సారమ్మ పీల్చింది.

“కలవలే సారా. చెంబు పైనుండాది, నువ్వు కిందుండావు.”

“పెట్టె ఇట్లియ్యి,” అంది నరసమ్మ.

సారమ్మకు ఏడుపొచ్చింది. అయినా చెవి ఒప్పుకోలేదు. పై మెట్టులో ‘మ’ పుట్టుకతోనే ఉంది కదా! ఐదో రంధ్రంలో పీల్చి చూసింది. అది తన ‘మ’తోనే కలిసింది. అంటే తప్పు చెంబుది. నీళ్ళు తగ్గితేనే చెంబు స్వరం పైకి పోతుంది. మూత కూడా వారగా ఉంది. పొద్దుటినుంచి ఇంట్లో ఉన్నది తనూ, ఉయ్యాల్లో పాపా, ఉపవాసమున్న అత్తా.

సారమ్మ కుండలోంచి నీళ్ళు ముంచి చెంబులో గుటకంత పోసి కొట్టింది. మళ్ళీ పోసింది. మూడోసారికి చెంబు దిగొచ్చి ఆమె ‘మ’లో కలిసిపోయింది.

“కలిసిందబ్బా! ఈ చెంబుకేమొచ్చింది?” అన్నాడు కృపావరం.

సారమ్మ అత్త చెవి దగ్గరికి వంగింది. “మూడు గుటకలేనా అత్తా? నాలుగా?”

నరసమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, కొడుక్కి వినపడేలా గట్టిగా అంది: “పులివెందులాయప్పకు ఊదేకి ఊపిరి యాడుండాది? పెట్టె ఈడనే ఉండనీ.”

తర్వాతి శుక్రవారం ‘మ’ చెంబు పక్కన సారమ్మ ఇంకో చెంబు నిండా చల్లటి నీళ్ళు పెట్టింది. దానికి స్వరమేమీ లేదు.