వెండెల్ దిద్దిన సముద్రం

మా ఆయన వెండెల్ తీసిన ఫొటోను తీసినట్టు వదలడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆకాశానికి రంగు పూస్తాడు, కెరటానికి మెరుగు పెడతాడు. "కెమెరాకేం తెలుసు? నా మనసుకు ఎలా కనబడిందో అలా ఉండాలి" అంటాడు. ఎవరైనా కాదంటే ఆ పూట ముఖం మాడ్చుకుని తిరుగుతాడు. ఈ మనిషితో వేగలేక చస్తున్నాను.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరంలో మాదొక చిన్న రేవు. జాలర్ల సంఘం తన గోడకు పెద్ద ఫొటో కావాలంది. ఈయన తెల్లవారుజామునే వెళ్లి, మెరిల్ అనే జాలరి వేటాడే హద్దులో తీశాడు. సముద్రం కళ తప్పి ఉందని నీలాన్ని కాస్త ఆకుపచ్చ వైపు జరిపాడు. నీళ్లతోపాటు ముందువైపు తేలుతున్న రెండు బెండ్ల రంగూ జరిగింది.

ఇక్కడ లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టే ప్రతివాడి బెండ్లకూ సొంత రంగు ఉంటుంది. దాన్ని బట్టే, బెండుకు తాడుతో కట్టి అడుగున దించిన బోను ఎవరిదో తెలుస్తుంది. తెలుపు మీద నీలం గీత మెరిల్‌ది, ఆకుపచ్చ గీత ఆల్డెన్‌ది. పరాయివాడు హద్దు దాటి బోను వేస్తే ఊరుకోరు, తాళ్లు కోసేస్తారు.

ఫొటో గోడకెక్కిన కొన్నాళ్లకే ఆల్డెన్ మా వంటింట్లో కూలబడ్డాడు. ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

"నా తాళ్లు కోసేశారు వదినా. బోన్లన్నీ సముద్రం పాలయ్యాయి. మెరిల్ బెండ్లకు మీ ఆయన నా రంగు పూస్తే, దొంగను నేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "విన్నావా మహానుభావా?"

"ఆ ఆకుపచ్చ లేకపోతే ఫొటోలో జీవం లేదే," అని గొణిగాడు వెండెల్.

"నీ ఫొటో తగలెయ్య! ఇక్కడ ఆల్డెన్ పరువు పోయింది. లే ముందు!"

కంప్యూటర్‌తో సహా ఇద్దరినీ సంఘానికి లాక్కెళ్లాను. వెండెల్ సిగ్గు విడిచి, కెమెరాలో పడ్డ ఫొటోను పడ్డట్టే అందరికీ చూపించాడు. బూడిదరంగు సముద్రం, తెల్లటి బెండ్లు, వాటి మీద నీలం గీతలు. ఆల్డెన్ హమ్మయ్య అనుకున్నాడు.

మెరిల్ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. నవ్వాడు.

"స్నేహితుడి కోసం ఎంత కష్టపడ్డావయ్యా! ఆకుపచ్చను నీలం చెయ్యడం నీకో లెక్కా?"

"ఇదే అసలుది మెరిల్! ఒట్టు!"

"పోవయ్యా! నువ్వు తీసిన ఫొటో ఇంత చప్పగా ఉంటుందా ఎక్కడైనా?"

అందరూ గొల్లుమన్నారు. నేను ముందుకొచ్చాను. "మెరిల్, ఈయన చెప్పేది నిజం. ఆ బెండ్లు నీవే."

"ఫొటో తీసినప్పుడు నువ్వు పక్కనున్నావా అమ్మా?"

ఉన్నానని చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది.

"లేను," అన్నాను. "ఇంట్లో నిద్రపోతున్నాను."

ఆల్డెన్ టోపీ తీసుకుని లేచాడు.