రొహైజాన్ కట్టిన మూట

ఆసుపత్రి సిబ్బంది కంప్యూటర్లో చదివే పాఠాన్ని రొహైజాన్ మూట కడుతోంది. బొమ్మలు, మాటలు, ప్రశ్నలు అన్నీ ఒకే ఫైల్లో సర్ది, ఏది ముందో ఏది వెనకో చెప్పే చీటీ పైన పెట్టాలి. ఆ చీటీ లోకమంతా ఒప్పుకున్న పద్ధతిలో ఉంటేనే ఆసుపత్రి శిక్షణ వ్యవస్థ మూట విప్పుతుంది. ఏళ్ల తరబడి ఆమె పని ఇదే. ఇంట్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని తేల్చేస్తుంది. అంతకుమించి చెప్పబోతే అక్కచెల్లెళ్లు ఆవలిస్తారు.

మలేషియాలోని ఆ తైపింగ్ ఊళ్లో వాన పొద్దుటినుంచీ వదల్లేదు. ముక్కు చివరికి జారిన కళ్లజోడు పైకి తోసుకుంటూ ఉండగా తలుపు దగ్గర దెరామన్ నిలబడ్డాడు. బట్టలుతికే విభాగంలో దుప్పట్లు మోసే ముసలాయన. చొక్కా సగం తడిసింది, చేతులు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి.

"అమ్మాయ్, నా పాఠం మళ్లీ మొదటికొచ్చిందేంటి? నిన్న ఆఖరి ప్రశ్నలదాకా వచ్చాను గదా!"

ఏం జరిగిందో రొహైజాన్‌కు వెంటనే అర్థమైంది. నిన్న సాయంత్రం చేతులు కడుక్కునే పాఠంలో ఒక బొమ్మ మార్చి మళ్లీ మూట కట్టింది. తొందరలో మూట గుర్తింపు పేరు కూడా మార్చేసింది. పేరు మారితే వ్యవస్థకు అది ముక్కూమొహం తెలియని కొత్త పాఠం. అందరి చదువూ మొదటికొస్తుంది. పేరు మార్చొద్దన్నదే కొత్తగా చేరినవాడికి కూడా ఆమె మొట్టమొదట నేర్పే జాగ్రత్త.

"మూసేటప్పుడు మీరు సరిగ్గా నొక్కలేదేమో, పాక్ చిక్," అంది రొహైజాన్, బాబాయిని పిలిచినట్టు.

"అయ్యుంటుందమ్మా. ఈ మొద్దు వేళ్లతో ఏం చేసినా ఇంతే." ఆయన నవ్వి, మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

పాఠం మొదటికొచ్చిన మిగతా పనివాళ్లు టకటకా నొక్కేసి పది నిమిషాల్లో ముగించి పోయారు. దెరామన్ పెదవులు కదుపుతూ ప్రతి వాక్యం చదువుతున్నాడు.

"మీరూ అలా నొక్కుకుంటూ పోకూడదూ?" అంది.

"చదవకుండా చదివానని ఎలా చెప్పను తల్లీ?"

ఈ సాయంత్రంలోగా పాఠం పూర్తి చేయనివాళ్ల ఉద్యోగ ఒప్పందం పొడిగించరు. అది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

మధ్యాహ్నం పైఅధికారి ఫౌజాన్ తొంగిచూశాడు. "ముసలాయన సగంలోనే ఉన్నాడట. మనవైపు ఏమైనా పొరపాటు జరిగిందా? జరిగితే చెప్పు, గడువు పెంచమని నేను అడుగుతా."

"లేదు, ఎంచిక్," అంది మర్యాదగా. "మనవైపు ఏమీ లేదు."

ఆయన అడుగుల చప్పుడు వరండాలో చాలాసేపు వినిపించింది. పిలిస్తే వెనక్కొచ్చేవాడే. రొహైజాన్ కుర్చీలోంచి లేవలేదు. ఇన్నేళ్ల పనిలో ఒక్క తప్పు కూడా లేదన్న పేరు పోతుందని భయపడింది. దానికోసం ఒక మనిషి తిండి తీసేస్తున్నానని తెలిసే భయపడింది.

పాఠం పూర్తికాకుండానే గడువు ముగిసింది. సాయంత్రం దెరామన్ యూనిఫాం అప్పగించేసి, ఇంటి చొక్కాలో వచ్చాడు. ఆ చొక్కాలో ఆయన ఇంకా చిన్నగా కనిపించాడు.

"నావల్ల నీకు రోజంతా ఊరికే శ్రమ, అమ్మాయ్. ఏమనుకోకు. మా ఆవిడ సెరి ముక మిఠాయి చేసి పంపింది, తిను. డబ్బా తిరిగివ్వక్కర్లేదులే. ఇంక నేను నీకెక్కడ కనబడతాను?"

ఆమె నోరు తెరిచింది. "జాగ్రత్తగా వెళ్లండి, పాక్ చిక్," అన్న మాటే బయటికొచ్చింది. ఆయన గొడుగు విప్పుకుని మెట్లు దిగాడు.

కీబోర్డు పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా, మూత లోపల ఇంకా ఆవిరి పట్టి ఉంది.